నలభై మూడు నిమిషాలు

రెడ్‌కార్‌లో, సముద్రానికి రెండు వీధుల వెనక,
చేపలూ చిప్సూ వేయించే కొట్టుకీ పందేల దుకాణానికీ మధ్య
ఎండ అమ్ముతారు.
నిమిషం అరవై పెన్నీలు.
సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా ఆ ఎండకి కాపలా నేను.

మాది రెంటచింతల.
రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది
సామెతని చాలా ఆలస్యంగా తెలిసింది నాకు,
వార్త అనుకునేదాన్ని.
ఎండకి ధర ఉంటుందని ఎవరైనా అంటే
వడదెబ్బ తగిలిందనుకుని జేబులో ఉల్లిపాయ పెట్టి పంపేవాళ్లం.

ఇక్కడ నా పని: కళ్లద్దాలు చేతికివ్వడం,
ఎన్ని నిమిషాలో మీట నొక్కడం,
వాళ్లు వెళ్లాక గాజు పడక తుడవడం.
ఊదా వెలుగు ఆరాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది,
ఇప్పుడే ఎవరో లేచి వెళ్లిన పక్కలా.
కొబ్బరి క్రీము వాసన. దాని అడుగున ఇంకోటి,
పెనం మీద వెంట్రుక పడ్డట్టు.

పద్దెనిమిది నిండని పిల్లలు అక్కల కార్డులు పట్టుకొస్తారు.
స్కూలు ఆఖరి డాన్సుకి వీపు కనిపించే గౌను కొన్నారట.
పుట్టిన తేదీ అడిగితే తడబడతారు. పంపేస్తాను.
మలుపులో ఇంకో దుకాణముందని
వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

లోరెయిన్ వారానికి మూడుసార్లు.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
"పగలంతా నిద్రకే పోతుంది, సూర్యుణ్ణి ఇక్కడే చూస్తా" అనేది.
ముదురు పాకం రంగు ఒళ్లు,
ఉంగరం కింద మాత్రం వేలు పసిపిల్లదిలా తెల్లగా.
నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి
"చూస్తూండు, నిన్ను దాటేస్తా" అని నవ్వేది.
శెనగపిండీ మీగడా కలిపి నన్ను రుద్ది రుద్ది
ఏడిపించిన మా మేనత్త వినాల్సింది ఆ మాట.

ఒకరోజు బూట్లు తొడుక్కుంటుంటే కనిపించింది,
పిక్క మీద మచ్చ.
ఒక పక్క నలుపు, ఇంకో పక్క నీలం,
అంచు చీమలు కొరికిన అప్పడంలా.

మా పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తుల కోసం
రెండు పుట్టుమచ్చలు రాస్తారు.
నాకు మెడ మీదొకటి, అరికాల్లో ఒకటి,
బెంచీ మీద కాలెత్తి గుమాస్తాకి చూపించాను.
అలా, మచ్చల్ని చూడటం అలవాటే.
పుట్టుమచ్చా అని అడగబోయి
ఆ మాటకి ఇంగ్లీషు వెతుక్కుంటూ ఆగిపోయాను:
పుట్టినప్పుడు లేనిదాన్ని అలా అనొచ్చా?

"ఎప్పట్నుంచి?"
"క్రిస్మస్ నుంచేమో. సాక్సు రాసుకుంటోంది."
"డాక్టరుకి చూపించు."
"నీకు బేరం అక్కర్లేదా ఏంటి?"
ఆ రోజు కూడా తొమ్మిది నిమిషాల మీట
నేనే నొక్కాను.

ఏప్రిల్. మే. జూన్. రాలేదు.
జులైలో వచ్చింది, నిజం ఎండ కాస్తున్న రోజు,
పొడుగు చేతుల చొక్కా, టోపీ, కుంటుతూ.
పిక్కలోంచి నిమ్మచెక్కంత తీశారట,
తొడ చర్మం తెచ్చి అతికించారట.
గజ్జల్లో గ్రంథి పరీక్షకి పోయింది, కబురు ఇంకా రాలేదు.
ఎంత లోతు దిగిందో చెబుతూ
రెండు వేళ్ల మధ్య మిల్లీమీటరు చూపించింది.
ఆ సందులోంచి నాకు వీధి కనిపించింది.

"కార్డులో నలభై మూడు నిమిషాలున్నాయి. డబ్బు తిరిగిస్తారా?"
గోడ మీది బోర్డు నా బదులు జవాబు చెప్పింది.
నా పర్సు తీస్తే వద్దంది.
కౌంటరు మీద నా చెయ్యి పక్కనే తన చెయ్యి,
రంగు దిగిపోతూ.
ఈసారి ఏమీ అనలేదు.

తాళం వేసేముందు మిగులు నిమిషాల పట్టీ తెర మీదికొస్తుంది.
గడువు దాటినవి చెరిపేయమంటాడు యజమాని.
ఆ ఒక్క పేరు దగ్గర వేలు ఆగిపోతుంది.

గదికి వెళ్లి, దీపం కింద కాలెత్తి
అరికాలి మచ్చ చూసుకుంటాను.
దేశాలు తిరుగుతావంది దాన్ని చూసి నాయనమ్మ.
నల్లవాళ్లం, మనకేం కాదులే అంది రూమ్మేటు.
మచ్చ చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీశాను.
దాటిందా అని చూస్తాను.
దాటలేదు.

రేపు నాలుగింటికి మళ్లీ దీపాలు వెయ్యాలి.